పెట్టె మీద పేరు ఒకటే, లోపల బోర్డులు నాలుగు రకాలు: కొరత కాలంలో రాస్ప్‌బెర్రీ పై కొన్న ఒక కోల్డ్ స్టోరేజీ కేసు

నేపథ్యం

మిర్చి టిక్కీలు (బస్తాలు) నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలు నడుపుతున్న ఒక సంస్థ కేసు ఇది. ఊళ్లు, పేర్లు తీసేశాం. బోర్డుల లెక్క, లోపాలు, వాటి కారణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాం.

2022 మధ్య నాటికి వాళ్లకు 9 స్టోరేజీలు, వాటిలో 36 ఛాంబర్లు ఉన్నాయి. ఛాంబరుకొక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు) చొప్పున ఉష్ణోగ్రత గమనించే యూనిట్లు పెట్టుకున్నారు. 22 యూనిట్లలో పై 3బీ ప్లస్, 2019 చివర్లో చేరిన 14 యూనిట్లలో 2జీబీ పై 4. ప్రతి యూనిట్‌లోనూ సామాను ఒకటే: జీపీఐఓ (బయటి తీగలు తగిలించే) 4 పిన్ను మీద 4.7 కిలో ఓమ్ పుల్ అప్ రెసిస్టరుతో ఆరు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సార్లు, సైరన్‌కూ ఎర్ర లైటుకూ రెండు రిలేల బోర్డు, యూఎస్‌బీలో 4జీ డాంగిల్, 16జీబీ మెమరీ కార్డు. ఐదు నిమిషాలకోసారి రీడింగు సర్వరుకు వెళ్తుంది. హద్దు దాటి పావుగంట గడిస్తే సైరన్ మోగి, మేనేజరు ఫోనుకు మెసేజీ వస్తుంది.

సాఫ్ట్‌వేర్ అంతా ఒకే ఒక్క ఇమేజీలో ఉంది. 2019 శరదృతువు నాటి బస్టర్ (పై ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ పేరు) మీద ప్రోగ్రాము ఎక్కించి, నడుస్తున్న ఆ కార్డునే కాపీ తీసి ఫైలుగా దాచుకున్నారు. స్టోరేజీకో పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు ఉంటుంది. కార్డు పాడైతే అక్కడి ఎలక్ట్రీషియనే కొత్త కార్డు మీదికి దాన్ని ఎక్కించేస్తాడు. మూడేళ్లు ఆ ఇమేజీని ఎవరూ ముట్టుకోలేదు. నడుస్తున్న దాన్ని కదపకపోవడం తప్పేమీ కాదు. అప్పటిదాకా వాళ్లు కొన్న బోర్డులన్నీ ఆ ఇమేజీ ఎరిగినవే కాబట్టి అలా కుదిరింది.

వచ్చిన సమస్య

2023 ఫిబ్రవరిలో సరుకు లోడింగు మొదలయ్యేలోగా మూడు కొత్త స్టోరేజీలు, అంటే 12 ఛాంబర్లు సిద్ధం కావాలి. పాత 3బీ ప్లస్‌లలో ఐదు చచ్చిపోయాయి. చేతిలో మూడు స్పేర్లు ఉండాలనుకున్నారు. వెరసి 20 బోర్డులు. మామూలు రోజుల్లో ఒక్క ఆర్డరుతో తెమిలిపోయే పని అది. అప్పుడు మాత్రం కాలేదు.

కొరత ఎలాంటిదో తెలియకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు. 2021 అక్టోబరులో రాస్ప్‌బెర్రీ పై కంపెనీ తన చరిత్రలో తొలిసారి ఒక బోర్డు ధర పెంచింది. 2జీబీ పై 4ను 35 డాలర్ల నుంచి 45కు తీసుకెళ్లి, 35 డాలర్ల చోట 1జీబీ పై 4ను మళ్లీ తెచ్చింది. అప్పట్లో చిప్‌ల కొరత అన్నింటికీ సమానంగా లేదు. 3బీ ప్లస్, పాత జీరో వంటి బోర్డుల్లో ఉండే ప్రాసెసర్లు 40 నానోమీటర్ల తరానివి, వాటికి గండం ఎక్కువ. పై 4లోని బీసీఎం2711 28 నానోమీటర్లది, దాని పరిస్థితి కొంత నయం. 3బీ ప్లస్ వాడుతున్న కంపెనీలు 1జీబీ పై 4కు మారడం మేలన్న సూచన వచ్చింది అందుకే. 2022 ఏప్రిల్ నాటికి ఉన్న ఉత్పత్తిలో ముందు వాటా పరిశ్రమలకే ఇస్తున్నామని కంపెనీ చెప్పింది. చిల్లరగా కొనేవాళ్లకు అధీకృత దుకాణాల్లో మనిషికి ఒకటే. బయటి అమ్మకందారుల దగ్గర ధర రెండు మూడు రెట్లు పలికింది.

ఈ సంస్థ పరిశ్రమ కోటాలో దరఖాస్తు పెట్టలేదు. 20 బోర్డులకు అంత తతంగం దేనికనుకున్నారు. కొనుగోళ్లు చూసే గుమస్తా నాలుగు నెలలపాటు ఆరుగురు అమ్మకందారుల దగ్గర, పాతవీ కొత్తవీ కలిపి, ఎక్కడ దొరికితే అక్కడ కొన్నాడు. చివరికి 20 పోగయ్యాయి. వాటిలో 2 పాత పై 3బీలు, మిగతా 18 పై 4లు. అతనికిచ్చిన చీటీలో ‘పై 4, 2జీబీ లేదా అంతకన్నా ఎక్కువ’ అని మాత్రమే ఉంది. ఆ 18 పై 4ల వరకు చీటీ ప్రకారం అతని తప్పేమీ లేదు.

20 కార్డుల మీద పాత ఇమేజీ ఎక్కించి కరెంటు ఇచ్చారు. 9 లేచాయి, 11 లేవలేదు.

రోగనిర్ధారణ

మొదటి అనుమానం కార్డుల మీదికి పోయింది. అది సహజమే, బజారులో నకిలీ కార్డులు కొల్లలు. లేచిన బోర్డులోని కార్డు తీసి లేవని బోర్డులో పెడితే లేవలేదు. లేవని బోర్డు కార్డు లేచిన దాంట్లో పెడితే లేచింది. కార్డుల తప్పు లేదని తేలింది. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టింది. దాన్ని చేయకముందే ఇంకో 20 కార్డులు ఆర్డరు పెట్టేశారు.

రెండో అనుమానం చార్జర్లు. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అసలు సప్లై ఒకటి తెచ్చి 11 బోర్డులకూ వరసగా పెట్టి చూశారు. తేడా లేదు. మూడోది, ఒకే అమ్మకందారు చెత్త అంటగట్టాడేమోనని. ఆ 11 బోర్డులు నలుగురి దగ్గర నుంచి వచ్చాయి, ఆ నలుగురిలో ఇద్దరు అమ్మిన వేరే బోర్డులు చక్కగా లేచాయి. కాబట్టి మూలం అమ్మినవాడిలో కాదు, బోర్డులోనే ఉంది.

అప్పుడు ఆకుపచ్చ లైటును లెక్కపెట్టారు. నాలుగు పొడుగు మెరుపులు, నాలుగు పొట్టి మెరుపులు, కాస్త ఆగి మళ్లీ అదే. ఈ జత మెరుపులకు ‘ఈ ఫర్మ్‌వేర్‌కు (బోర్డును లేపే తొలి సాఫ్ట్‌వేర్‌కు) ఈ రకం బోర్డు తెలియదు’ అని అర్థం. మూడు పొట్టి మెరుపులైతే మామూలు బూట్ వైఫల్యం, నాలుగు పొట్టివైతే స్టార్ట్ ఫైలు (ఫర్మ్‌వేర్ ఉండేది) లేదు, ఏడైతే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె) లేదు. మెరుపులు లెక్కపెట్టే అలవాటు ఉంటే మొదటి రోజే తేలిపోయే సంగతి. హెచ్‌డీఎంఐ తెర తగిలిస్తే సందేహం పూర్తిగా తీరింది. స్టార్ట్4 ఫైలు సరిపడదు, ఈ బోర్డుకు కొత్త సాఫ్ట్‌వేర్ కావాలన్న సందేశం అక్కడ కనిపించింది.

లేవని బోర్డు ఏ రివిజనో, అంటే అదే మోడల్‌లో ఎన్నో కూర్పో, ఎలా తెలుసుకోవాలి? లేచిన బోర్డులో అయితే సీపీయూ ఇన్ఫో ఫైలులో రివిజన్ వరస చూస్తే చాలు. లేవని పై 4కు ఇంకా సులువైన దారి ఉంది. కార్డు తీసేసి, తెర తగిలించి కరెంటు ఇస్తే బూట్‌లోడర్ (బోర్డులోనే ఉండే, దాన్ని లేపే ప్రోగ్రాము) తన సొంత తెర చూపిస్తుంది. అందులో బోర్డు అన్న వరసలో ఆరు అక్షరాల కోడ్, పక్కనే సీరియల్ నంబరు ఉంటాయి. సామాను వచ్చిన రోజే కార్డు లేకుండా చేయదగ్గ పని ఇది.

కోడ్ చదవడం తేలిక. ఉదాహరణకు సీ03115. మొదటి అక్షరం మెమరీ: ఏ అంటే 1జీబీ, బీ 2జీబీ, సీ 4జీబీ, డీ 8జీబీ. రెండోది తయారుచేసిన ఫ్యాక్టరీ, సున్నా అంటే వేల్స్‌లోని సోనీది. మూడోది ప్రాసెసర్, 3 అంటే బీసీఎం2711. తర్వాతి రెండూ కలిపి మోడల్, 11 అంటే పై 4బీ. చివరి అంకె రివిజన్, ఇక్కడ 1.5.

18 పై 4ల లెక్క ఇలా తేలింది. సీ03111 కోడ్‌వి 3, బీ03112వి 4, డీ03114వి 3, సీ03115వి 5, బీ03115వి 3. మొదటి 7, రెండు 3బీలు కలిసి లేచిన 9. తర్వాతి 11 లేవనివి. పెట్టెలన్నింటి మీదా ‘రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్ బీ’ అనే ఉంది.

అసలు తేడా ఏమిటి? 1.4లో యూఎస్‌బీ కంట్రోలరు కోసం విడిగా ఉండే చిన్న ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) చిప్‌ను తీసేశారు. ఆ కంట్రోలరు ఫర్మ్‌వేర్ ఇప్పుడు బోర్డు ప్రధాన ఈఈప్రామ్‌లోనే ఉంటుంది. బూట్ సమయంలో దాన్ని కంట్రోలరులోకి ఎక్కించాలి. 1.5లో పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌నే మార్చేశారు. చిప్‌ల కొరత నడుస్తున్న రోజుల్లోనే ఇది బజారులోకి వచ్చింది. కొత్త పవర్ చిప్‌తో మాట్లాడటం 2019 ఫర్మ్‌వేర్‌కు తెలియదు, తెలిసే వీలూ లేదు. కంపెనీ దృష్టిలో ఇవి పెద్ద మార్పులు కావు. తాజా ఇమేజీ వాడేవాడికి పాత బోర్డుకూ కొత్త బోర్డుకూ తేడాయే తెలియదు. ఇమేజీని ఘనీభవింపజేసుకున్నవాడికే దెబ్బ.

పనికిరాని ప్రయత్నాలు

మొదటిది అతుకు. తాజా విడుదల నుంచి స్టార్ట్4, ఫిక్సప్4 ఫైళ్లు తీసి పాత కార్డు బూట్ పార్టిషన్‌లో పెట్టారు. బోర్డులు లేచాయి. సెన్సార్లు చదివాయి, ల్యాన్ పనిచేసింది. 4జీ డాంగిల్ మాత్రం కనబడలేదు. డాంగిల్‌కు కరెంటు చాలడం లేదేమోనని విడిగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ హబ్ పెట్టి ఒక పూట పోగొట్టుకున్నారు. పెన్‌డ్రైవ్ పెట్టినా కనబడకపోయేసరికి విషయం తెలిసింది. నాలుగు పోర్టులూ చచ్చి ఉన్నాయి. కారణం పైన చెప్పిందే. 1.4 నుంచి యూఎస్‌బీ కంట్రోలరు రీసెట్ అయ్యాక దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించమని కెర్నెల్ అడగాలి. 2019 కెర్నెల్‌కు అడగడం రాదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఫర్మ్‌వేర్, కెర్నెల్, డివైస్ ట్రీ (బోర్డులో ఏమేమున్నాయో కెర్నెల్‌కు చెప్పేవి) ఫైళ్లు మూడూ ఒకే విడుదలవై ఉండాలి. వాటిలో ఒక్కదాన్నే మార్చడం ఎప్పుడూ జూదమే.

రెండో ప్రయత్నం పాత కార్డును 1.2 బోర్డులో నడిపి, అన్ని ప్యాకేజీలనూ పూర్తిగా అప్‌గ్రేడ్ చేసి, ఆ కార్డును కాపీ తీయడం. నిజం చెప్పాలంటే ఇది పనిచేసింది. 11 బోర్డులూ లేచాయి, డాంగిళ్లూ కనబడ్డాయి. సరుకు ఉన్న రెండు ఛాంబర్లలో బోర్డులు వెంటనే మార్చాల్సి రావడంతో అక్కడికి ఈ కార్డులే పంపారు. కానీ దీన్ని శాశ్వత పరిష్కారంగా ఒప్పుకోలేదు. నడిచిన కార్డు కాపీ కావడంతో ప్రతి యూనిట్‌కూ ఒకే మెషిన్ ఐడీ, ఒకే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) తాళాలు వస్తాయి. అంతకన్నా ముఖ్యంగా, ఆ కార్డులో ఏముందో రాసి చెప్పగలిగినవాడు ఎవడూ లేడు. మూడేళ్ల తర్వాత ఇంకో రివిజన్ వస్తే మళ్లీ ఇదే చోట నిలబడాలి.

పైగా మూడో వారంలోనే ఈ అతుకు ఒక చోట ఊడింది. కార్డు పాడైతే ఎలక్ట్రీషియన్ తన దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లోంచి 2019 ఫైలునే ఎక్కించాడు. బోర్డు 1.5. రాత్రంతా ఆ ఛాంబరు గుడ్డిగా ఉంది. అదృష్టం కొద్దీ కంప్రెసర్లు బాగానే నడిచాయి. కొత్త ఇమేజీ చేయడంతో పని సగమే అయినట్టు, పాత ఫైలు ఉన్న ప్రతి పెన్‌డ్రైవ్‌నూ వెనక్కి తెప్పిస్తేనే మిగతా సగం.

చిన్నదే అయినా అందరినీ తికమక పెట్టింది ఇంకోటి ఉంది. లేచిన బోర్డుల్లో ఒక 1.1ను సైటుకు పంపితే అక్కడ అసలు లైటే వెలగలేదు. వెనక్కి తెస్తే బల్ల మీద చక్కగా నడిచింది. సైటులో దాన్ని ల్యాప్‌టాప్ చార్జర్‌కు, మంచి ఖరీదైన సీ టైపు కేబుల్‌తో తగిలించారు. రివిజన్ 1.1లో సీ టైపు సాకెట్‌లో చార్జర్‌కు బోర్డును గుర్తుపట్టించే రెండు సీసీ పిన్నులకూ విడివిడిగా 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టకుండా రెంటినీ కలిపి ఒక్కటే పెట్టారు. లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ పెడితే అవతలి చార్జర్ దీన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇవ్వదు. చవక కేబుల్‌లో ఆ చిప్ ఉండదు కాబట్టి నడుస్తుంది. ఖరీదైన కేబుల్‌తో చెడి, చవక కేబుల్‌తో బాగుపడే లోపాలు అరుదు! 1.2లో దీన్ని సరిచేశారు. ఇక్కడ చేసిందల్లా 1.1 బోర్డులన్నింటికీ కేబుల్ అతికే ఉండే 3 ఆంపియర్ల సప్లై ఇచ్చి, ఆ రెంటినీ ట్యాగుతో కట్టేయడమే.

వేరే కంపెనీ బోర్డులకు మారదామన్న మాటా వచ్చింది. అవి దొరుకుతున్నాయి, ధర కూడా తక్కువే. కానీ కెర్నెల్ వేరు, పిన్నుల నంబర్లు వేరు, రిలే కోడు మళ్లీ రాయాలి, ప్రతిదీ మళ్లీ పరీక్షించాలి. ఉన్న 36 యూనిట్లనూ, రాబోయే వాటినీ రెండు వేర్వేరు ఇమేజీలతో నడపాలి. 200 యూనిట్లయితే ఆలోచించవచ్చు. 20కి ఆ శ్రమ గిట్టదు.

పనిచేసినవి

అసలు మలుపు సాఫ్ట్‌వేర్‌లో రాలేదు. ‘ఇరవై బోర్డులు ఎక్కడ దొరుకుతాయి’ అన్న ప్రశ్న పక్కన పెట్టి, ‘ఛాంబరుకొక పై ఎందుకు’ అని అడిగినప్పుడు వచ్చింది. ఛాంబరులో జరిగే పని ఆరు సెన్సార్లు చదివి, రెండు రిలేలు కొట్టడం. దానికి లినక్స్ (పై మీద నడిచే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్) అక్కరలేదు. లినక్స్ కావాల్సింది డాంగిల్‌కూ, సర్వరుతో మాటకూ, రీడింగులు దాచుకోవడానికీ. అది స్టోరేజీకి ఒకటి చాలు.

అదే కంపెనీ పికో అన్న చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు ధర అప్పట్లో 4 డాలర్లు. అందులోని ఆర్‌పీ2040 వాళ్ల సొంత చిప్, కొరత రోజుల్లోనూ అది కావలసినంత దొరికింది. కాబట్టి మూడు కొత్త స్టోరేజీలకు 12 పికోలు, 3 పై 4లు. 12 పైల పని మూడింటితో తీరింది. ఈ ప్రశ్న నాలుగు నెలల ముందు వేసుకుంటే, మూడు రెట్ల ధర పెట్టి కొన్న బోర్డుల్లో తొమ్మిది కొనాల్సిన పనే ఉండేది కాదు. అవి స్పేర్లుగా అల్మారాలోకి వెళ్లాయి.

వైఫై ఉన్న పికో డబ్ల్యూ అప్పటికే వచ్చినా వైఫై వాడలేదు. ఛాంబర్ల గోడలు రెండు వైపులా లోహపు రేకు ఉన్న పఫ్ ప్యానెళ్లు. తలుపు మూస్తే సిగ్నల్ పోతుంది, తెరిస్తే వస్తుంది. పరీక్షించే రోజున తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి మోసపోవడం ఖాయం. అందుకే దూరాలకు డేటా మోసే ఆర్ఎస్-485 తీగ లాగారు. మెలిపెట్టిన జత, రెండు కొసల్లో 120 ఓమ్ రెసిస్టర్లు, వేగం సెకనుకు 9600 బిట్లు, పరికరాల మధ్య సంభాషణకు మోడ్‌బస్ పద్ధతి. ఆ తీగకు పికోను కలపడానికి బజారులో దొరికే మ్యాక్స్485 మాడ్యూల్ వాడకూడదు. అది 5 వోల్టుల మీద నడుస్తుంది, దాని అవుట్‌పుట్ పిన్ను 5 వోల్టులు తోస్తుంది. పికో పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. 3.3 వోల్టులదైన మ్యాక్స్3485 తీసుకోవాలి. పికో పెట్టెను ఛాంబరు బయట వరండాలో బిగించి, సెన్సారు మొనలు మాత్రమే లోపలికి పంపారు. చలిలో ఉన్న పెట్టె మూత తెరిచిన ప్రతిసారీ లోపల తేమ పట్టి, ఆర్నెల్లలో కనెక్టర్లు పచ్చబడతాయి.

డీఎస్18బీ20 గురించి ఒక్క మాట. కరెంటు వచ్చిన వెంటనే, కొలత పూర్తికాకముందు చదివితే అది 85 డిగ్రీలు చూపిస్తుంది. పాత ప్రోగ్రాము దాన్ని నిజమనుకుని కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వరుకు తప్పుడు హెచ్చరిక పంపేది. కొత్తదాంట్లో స్టార్టయ్యాక మొదటి రీడింగు వదిలేసి, కచ్చితంగా 85 వస్తే మళ్లీ అడిగేట్టు రాశారు.

పై వైపున ఆర్ఎస్-485 కోసం సీరియల్ పిన్నులు కాకుండా యూఎస్‌బీ కన్వర్టరు వాడారు. సీరియల్ పిన్నులకు ప్రాసెసర్‌లోని ఏ యూఆర్ట్ (సీరియల్ డేటా నడిపే భాగం) తగులుతుందన్నది మోడల్‌ను బట్టీ, బ్లూటూత్ సెట్టింగును బట్టీ మారుతుంది. కన్వర్టరుకు మూడు వందల చిల్లర ఖర్చు ఎక్కువే. దానికి బదులు, బోర్డు ఏదైనా తీగ, కోడు మారవు.

తర్వాత ఇమేజీ. ఈసారి కార్డు కాపీ తీయలేదు. బస్టర్ తర్వాతి వెర్షనైన 32 బిట్ల బుల్స్ఐ మీద, ఇమేజీలు తయారుచేసే పై జెన్ స్క్రిప్టుతో మొదటి నుంచీ కట్టారు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో స్క్రిప్టులోనే ఉంటుంది. ఇమేజీ అన్నది ఇక దాచుకునే వస్తువు కాదు, స్క్రిప్టు నడిపితే ఎప్పుడైనా పుట్టేది. కట్టేటప్పుడు రెండు చోట్ల కాలు తట్టుకుంది. 2022 ఏప్రిల్ విడుదల నుంచి ముందే ఉండే ‘పై’ అన్న యూజరును తీసేశారు. పాత ప్రోగ్రాము దారులన్నీ ఆ యూజరు ఫోల్డరులోకే రాసి ఉన్నాయి. వాటిని మార్చి, ప్రోగ్రాముకు విడిగా ఒక సర్వీసు యూజరును చేశారు. రెండోది రివిజన్ చదివే స్క్రిప్టు. మొదట ఆరు అక్షరాల మాటను జాబితాతో పోల్చేట్టు రాశారు. పాత 3బీలలో ఒకటి ఏ02082 బదులు ఏడు అక్షరాల 2ఏ02082 చూపించింది. మునుపటి యజమాని ఓవర్‌క్లాక్ చేయడంతో (హద్దు మించిన వేగంతో నడపడంతో) దానికి గుర్తుగా వారంటీ బిట్ పడిందన్న మాట. అప్పటినుంచి మాటను పోల్చకుండా సంఖ్యగా మార్చి, కావలసిన బిట్లను మాత్రమే మాస్కుతో తీస్తున్నారు.

మోడల్‌ను బట్టి మారే సెట్టింగులు కాన్ఫిగ్ ఫైలులోనే చదరపు బ్రాకెట్ల విభాగాల్లో పెట్టారు. పై 3కి ఒకటి, పై 4కు ఒకటి, చివర్లో అన్నింటికీ వర్తించేది. కార్డు ఏ బోర్డులో పెట్టినా తనకు చెందినదే చదువుకుంటుంది. మొదటి బూట్‌లో స్క్రిప్టు తనకు తెలియని రివిజన్ చూస్తే ఆగిపోదు. నడుస్తూనే సర్వరుకు ‘కొత్త రకం బోర్డు’ అని ఒక మెసేజీ పంపుతుంది. దీని మీద కాస్త వాదన జరిగింది. తెలియని బోర్డుపై నడవనివ్వకపోవడమే క్షేమమని ఒకరన్నారు. కానీ చచ్చిన యూనిట్ కన్నా అనుమానంగా నడిచే యూనిట్ మేలు. సైరన్ అయినా మోగుతుంది.

పరీక్షకు ఆరు బోర్డులు ఎంచారు: 3బీ, 3బీ ప్లస్, పై 4లో 1.1, 1.2, 1.4, 1.5. ఒక్కోదానికి 20 సార్లు కరెంటు తీసి పెట్టడం, ప్రతిసారీ డాంగిల్, కన్వర్టరు, రిలే కనబడ్డాయో లేదో చూడటం, ఆపైన 24 గంటలు నడపడం. పై 4 బోర్డులన్నింటి ఈఈప్రామ్‌నూ ముందే ఒకే వెర్షన్‌కు తెచ్చారు. లేకపోతే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. జనవరి మూడో వారానికి మూడు స్టోరేజీలూ సిద్ధమయ్యాయి. పాత పెన్‌డ్రైవ్‌లు తొమ్మిదీ వెనక్కి వచ్చాయి. వాటితో పాటు ఎక్కడిదో తెలియని పదోది ఒకటి కూడా.

తర్వాతి అధ్యాయం: పై 5

2024లో పై 4 మళ్లీ మామూలు ధరకు దొరకడం మొదలైంది. అప్పటికే పై 5 వచ్చింది. కొత్త స్టోరేజీకి పై 5 తీసుకుందామని యాజమాన్యం అడిగింది. ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. బుల్స్ఐకి పై 5 తెలియదు, దాని తర్వాతి వెర్షన్ బుక్‌వార్మ్ కావాలి. అది ఊహించిందే. రిలే కోడు మొదటి వరసలోనే ఆగిపోయింది. పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీ ప్రాసెసర్ మెమరీలో పిన్నుల చిరునామా వెతుక్కుంటుంది. పై 5లో పిన్నులు ప్రాసెసర్ దగ్గర లేవు, ఆర్‌పీ1 అన్న వేరే చిప్‌లో ఉన్నాయి. ఆర్‌పీఐ ఎల్‌జీపీఐఓ అన్న ప్రత్యామ్నాయం పెడితే కోడు మార్చకుండానే నడిచింది. దాని కింద ఇంకో ఉచ్చు ఉంది. మొదట్లో పై 5 పిన్నులు జీపీఐఓ చిప్ 4గా కనబడేవి, తర్వాతి కెర్నెల్‌లో చిప్ 0 అయ్యాయి. నంబరు రాసుకున్నవాళ్ల కోడు ఒక అప్‌డేట్‌తో పడిపోయింది. లేబుల్‌తో వెతికితే ఆ బాధ లేదు.

చివరికి పై 5ను పక్కన పెట్టించింది కోడు కాదు, కరెంటు. దానికి 5 వోల్టులు, 5 ఆంపియర్ల సప్లై కావాలి. సైటుల్లో ఉన్న 3 ఆంపియర్ల సప్లై పెడితే లేస్తుంది గానీ, నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. 4జీ డాంగిల్ టవర్ వెతికేటప్పుడు అది చాలక ఊడిపోతుంది. కాన్ఫిగ్‌లో ఆ హద్దు తీసేయవచ్చు, కానీ సప్లై నిజంగా మోయలేకపోతే బోర్డే రీసెట్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ చేతికందిన చార్జర్ పెట్టే చోట ఇలాంటి షరతుతో బతకడం కష్టం. ఈ పనికి పై 5 వేగమూ అక్కరలేదు. పై 4తోనే ఉన్నారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

బోర్డు వచ్చిన రోజే కార్డు లేకుండా తెరకు తగిలించి, కోడ్ చూసి, పెట్టె మీద కాకుండా బోర్డు కేసు మీదే తెల్ల స్టిక్కరు అంటిస్తారు. అందులో కోడ్, తేదీ, ఎవరి దగ్గర కొన్నదీ ఉంటాయి. స్పేర్లను సంఖ్యతో కాకుండా రకంతో లెక్కపెడతారు. ‘ఆరు స్పేర్లున్నాయి’ అన్న మాటకు విలువ లేదు, ‘1.5వి నాలుగు, 1.2వి రెండు’ అన్నదానికి ఉంది.

మెమరీ ఎక్కువ ఉంటే మంచిదేగా అన్న ఆలోచనా పోయింది. ఈ ప్రోగ్రాముకు 1జీబీలో సగం చాలు. కొరతలో దొరికిందే చాలని కొన్న మూడు 8జీబీ బోర్డులు అందులో పదో వంతు కూడా వాడటం లేదు. 2025 డిసెంబరులో ఈ లెక్క ఇంకోసారి పనికొచ్చింది. ఈసారి కొరత ప్రాసెసర్లది కాదు, మెమరీ చిప్‌లది. 8జీబీ పై 4 75 డాలర్ల నుంచి 85కు, 16జీబీ పై 5 120 నుంచి 145కు పెరిగాయి. మెమరీ పెద్దదైన కొద్దీ పెంపు పెద్దది. చిన్న బోర్డుకు సరిపెట్టుకున్న పనికి ఆ సెగ తగల్లేదు.

అంతా చూశాక గుమస్తా చీటీ కూడా మారింది. ఇప్పుడు అందులో ఇలా ఉంటుంది: ‘పై 4 మోడల్ బీ, 1జీబీ, రివిజన్ 1.5, కోడ్ ఏ03115. వేరే కోడ్ అయితే ముందు ఒక్కటే పంపాలి. పరీక్షించాక మిగతావి.’ అమ్మకందారుల్లో సగం మంది ఆ కోడ్ ఏమిటని ఫోను చేస్తారు. బూట్‌లోడర్ తెర ఫొటో ఒకటి తీసి గుమస్తా ఫోనులో పెట్టుకున్నాడు, అడిగినవాళ్లకు అదే పంపుతాడు.